ఫీజు మాఫీ నిలబడాలంటే

కాలేజీలో సీటు దొరకడం ఒక ఎత్తు. ఆ చదువు చివరిదాకా సాగడం ఇంకో ఎత్తు. సీటు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. "ఫీజు సర్కారే కడుతుందట" అని పక్కింటివాళ్లకు చెప్పుకుంటారు. ఆ మాట నిజమే. కాని సగమే నిజం. సర్కారు ఫీజు కడుతుంది. కొన్ని షరతుల మీద కడుతుంది. షరతు తప్పితే ఆ ఏడు ఫీజు తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. అప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట "ఇంక చదువు చాలులే" అని. ఆ మాట ఎక్కువగా వినేది ఆడపిల్ల.

అందుకే ఆ షరతులు ఏమిటో తల్లికి తెలిసి ఉండాలి. కాలేజీకి పోయేది బిడ్డే. కాని బిడ్డను ఏ రోజు పంపాలో, ఏ రోజు ఆపాలో చాలా ఇండ్లలో తల్లి చేతిలోనే ఉంటుంది.

ఈ సాయం ఎప్పటిది?

మన దేశంలో ఎస్సీ పిల్లలకు పదో తరగతి దాటిన తర్వాత చదువుకు ఉపకార వేతనం 1944లో మొదలైంది. అప్పటికి స్వరాజ్యం కూడా రాలేదు. తర్వాత ఎస్టీలకు, బీసీలకు కూడా ఇచ్చారు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఇది చాలా పెద్దదయింది. ఇంజనీరింగు వంటి ఖరీదు చదువులకు కూడా పేద ఇండ్ల పిల్లల ఫీజు సర్కారు కట్టసాగింది. దానికే ఫీజు రీయింబర్స్‌మెంటు అని పేరు. జనం నోట్లో అది "ఫీజు మాఫీ" అయింది. మాఫీ అంటే కాలేజీ వదిలేసింది అని కాదు. కాలేజీకి రావలసిన డబ్బు సర్కారు ఇస్తుంది అని. ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే సర్కారు ఇవ్వకపోతే కాలేజీ అడిగేది ఇంటివాళ్లనే.

ఇందులో రెండు రకాల డబ్బు ఉంది. ఒకటి ట్యూషన్ ఫీజు. ఇది చదువు చెప్పినందుకు. రెండోది నిర్వహణ ఖర్చు. ఇది పుస్తకాలకు, తిండికి, హాస్టలుకు. దీన్నే అందరూ స్కాలర్‌షిప్పు అంటారు. నిర్వహణ ఖర్చు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఎవరికి వస్తుంది?

మొదటి షరతు ఆదాయం. తెలంగాణలో బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు పల్లెలో అయితే ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్నంలో అయితే 2,00,000 రూపాయలు హద్దుగా పెట్టారు. 1,50,000ను 12 నెలలకు పంచితే నెలకు 12,500 వస్తుంది. ఎస్సీ పిల్లలకు కేంద్రం పథకంలో హద్దు ఏడాదికి 2,50,000 రూపాయలు. హద్దులను అప్పుడప్పుడు మారుస్తుంటారు. దరఖాస్తు పెట్టే ఏడు ఎంత ఉందో కాలేజీలో అడిగి రాసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం. "పెద్దకొడుకు పట్నంలో పని చేస్తున్నాడు. వాడి జీతం కూడా కలుపుతారా?" ఎస్సీ పిల్లల పథకంలో దీనికి జవాబు స్పష్టంగా ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికి ఉన్నా వాళ్ల ఆదాయమే లెక్క. అన్న సంపాదన, బాబాయి సంపాదన లెక్కలోకి రావు. సంపాదించే తండ్రి చదువు మధ్యలో చనిపోయి, ఆదాయం హద్దు లోపలికి వస్తే, అప్పటినుంచి ఆ బిడ్డకు సాయం అడిగే హక్కు వస్తుంది. ఆ దుఃఖంలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. గుర్తుచేసే మనిషి ఒకరు ఉంటే ఒక చదువు నిలుస్తుంది.

పెండ్లయిన అమ్మాయి మాటేమిటి? పెండ్లయిందని సాయం పోదు. ఉద్యోగం లేని అమ్మాయి అయితే తల్లిదండ్రుల ఆదాయానికి బదులు భర్త ఆదాయం చూస్తారు. అంతే. "పెండ్లి చేశాక మాఫీ రాదు" అని అత్తింటివాళ్లు అంటే అది రూలు కాదు.

ఇంకో షరతు సీటుది. కన్వీనరు ద్వారా, అంటే ర్యాంకును బట్టి వచ్చిన సీటుకే ఫీజు వస్తుంది. మేనేజిమెంటు కోటాలో డబ్బు కట్టి తీసుకున్న సీటుకు రాదు. "ముందు చేర్పించండి, తర్వాత మాఫీ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మరాదు. సీటు కాగితం మీద ఏ కోటా అని రాసి ఉందో బిడ్డతో చదివించుకోవాలి. చదువు వచ్చిన తల్లి తానే చదువుకోవాలి.

ఫీజు మొత్తం వస్తుందా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. తెలంగాణలో ఇంజనీరింగు చదివే బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే మామూలుగా 35,000 రూపాయల దాకా అని పద్ధతి పెట్టారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ ర్యాంకు అడ్డు లేదు. కాలేజీ ఫీజు 80,000 అనుకుంటే, 35,000 పోను 45,000 ఇంటివాళ్లే కట్టాలి. ఏటా కట్టాలి. చేరేముందు ఈ తీసివేత లెక్క వేసుకోని కుటుంబాలు రెండో ఏడు వడ్డీకి అప్పు తెస్తున్నాయి.

నూటికి డెబ్భై అయిదు

సాయం వచ్చింది. ఇక దాన్ని నిలుపుకోవాలి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు. రూలు చిన్నదే. కాలేజీ నడిచిన రోజుల్లో నూటికి 75 రోజులు బిడ్డ క్లాసులో ఉండాలి. దీన్నే హాజరు అంటారు. నాలుగు రోజులు కాలేజీ నడిస్తే మూడు రోజులు పోవాలి అన్నమాట.

ఎల్లమ్మ అనే తల్లి ఉందనుకుందాం. పత్తి పండే ఊరు. బిడ్డ రోజూ బస్సెక్కి పోయి డిగ్రీ చదువుతోంది. ఒక సెమిస్టరులో కాలేజీ 96 రోజులు నడిచింది. 96లో నాలుగో వంతు 24. అంటే 24 రోజులు మానవచ్చు. 72 రోజులు పోయి తీరాలి.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. కూలీలు దొరకలేదు.

"రెండు వారాలు నాతో రా బిడ్డా. నీ కాలేజీ యాడికి పోదు" అంది ఎల్లమ్మ.

బిడ్డ 15 రోజులు చేనుకు పోయింది. దసరా సెలవులు అయిపోయాక అమ్మమ్మ ఊళ్లో ఇంకో 4 రోజులు ఉండిపోయింది. చిన్నమ్మ కూతురు పెండ్లికి 5 రోజులు పోయాయి. తర్వాత జ్వరం వచ్చి 4 రోజులు పడుకుంది. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. ఎవరూ కూడి చూడలేదు. 15, 4, 5, 4 కలిపితే 28. తొంభై ఆరులో 28 తీసేస్తే 68. కావలసింది 72.

కాలేజీ గుమాస్తా రిజిస్టరు తిప్పి చూశాడు.

"నాలుగు రోజులు తక్కువైందమ్మా. 75 లేనివాళ్ల పేరు పైకి పంపడానికి లేదు."

"నాలుగు రోజులకే ఫీజంతా పోతదా సారూ? దాని తప్పు కాదు. నేనే చేనుకు తీసుకపోయిన."

"ఎవరి తప్పో ఈ రిజిస్టర్ల రాయరమ్మా. వచ్చిన రోజులే రాస్తరు."

గుమాస్తా మాట కటువుగా ఉన్నా ఉన్నదే చెప్పాడు. రోజుకు 400 రూపాయల కూలి అనుకుంటే 15 రోజులకు 6,000 వచ్చాయి. ఆ 6,000 ఇంటికి అవసరమే. బియ్యానికో, మందుల దుకాణం బాకీకో పోయి ఉంటాయి. దాన్ని తీసిపారేయడానికి లేదు. కాని ఫీజు, నిర్వహణ ఖర్చు కలిపి పోయేది అంతకంటే ఎక్కువ అయితే కూలి దొరికినట్టు కాదు, పోయినట్టు. ఆదివారాలు, పండగ సెలవులు చేనుకు తీసుకుపోతే హాజరుకు దెబ్బ లేదు. మిగతా రోజులు తీసుకుపోవలసి వస్తే గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టాలి. నెలాఖరున సున్నాలు ఎన్నయ్యాయో ఎంచాలి. నెలకు 24 రోజులు కాలేజీ ఉంటే ఆరు సున్నాలు దాటకూడదు. ఇది అక్షరాలు రానివాళ్లు కూడా చేయగల పని.

ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా కాలేజీ మానేది ఆడపిల్లే. కాన్పుకు అక్క వస్తే మానేది ఆమె, నాయనమ్మ కాలు విరిగితే మానేది ఆమె. కొడుకును మానమని ఎవరూ అనరు. హాజరు రూలు ఇద్దరికీ ఒకటే. ఇంటి పని మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. మాఫీ పోయిన అమ్మాయిని "శ్రద్ధ లేదు" అని తిట్టేముందు ఆ సున్నాలు ఎవరి పనికి పడ్డాయో చూడడం న్యాయం.

పరీక్ష, పై తరగతి

ఏటేటా బిడ్డ పై తరగతికి పోవాలి. పోతేనే సాయం ముందుకు సాగుతుంది. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా కాలేజీ పై తరగతికి పంపితే ఆగదు. కాలేజీ అదే తరగతిలో ఆపేస్తే, మళ్లీ చదివే ఆ ఏడు ఫీజు రాదు.

పరీక్ష రోజుల్లో పెద్ద జబ్బు చేస్తే? దీనికి ఎస్సీ, ఎస్టీ పిల్లల పథకాల్లో ఒక దారి ఉంటూ వచ్చింది. డాక్టరు సర్టిఫికెటు తేవాలి. "జబ్బు చేయకుంటే ఈ అమ్మాయి పాసయ్యేది" అని ప్రిన్సిపాలు రాసివ్వాలి. అప్పుడు సాయం కొనసాగించవచ్చు. అందుకని ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు పారేయకూడదు. ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటే చీటీ ఉండదు. సర్కారు ఆసుపత్రిలో ఓ.పి. చీటీ ఇస్తారు, దాని మీద తేదీ ఉంటుంది.

మధ్యలో కాలేజీ మార్చాలన్నా, గ్రూపు మార్చాలన్నా ముందు అడగాలి. అనుమతి లేకుండా మారితే సాయం రద్దు చేయవచ్చు. మధ్యలో మానేస్తే ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమని అడిగే అధికారం కూడా ఉంది. ఒక డిగ్రీ అయిపోయాక మళ్లీ అదే స్థాయిలో ఇంకో డిగ్రీ చదివితే రాదు. బి.ఎ. చదివి మళ్లీ బి.కాం. చేరితే రాదు. బి.ఎ. తర్వాత ఎం.ఎ. అయితే అది పై మెట్టు. ఇక తప్పుడు ఆదాయం కాగితం, తప్పుడు కులం కాగితం పెట్టి తీసుకుంటే సాయం ఆపేస్తారు, ఇచ్చింది వసూలు చేస్తారు. "అందరూ పెడుతున్నారు" అని చెప్పే దళారి ఆ రోజు కనబడడు.

ఏటా మళ్లీ పెట్టాలి

ఒకసారి దరఖాస్తు పెడితే అన్నేళ్లూ అదే నడుస్తుంది అనుకుంటారు. నడవదు. మొదటి ఏడు పెట్టేది కొత్త దరఖాస్తు. తర్వాత ఏటా పెట్టేది రెన్యువల్, అంటే కొనసాగింపు. ఈ-పాస్ అనే కంప్యూటరు పద్ధతిలో పెడతారు. దీనికి గడువు ఉంటుంది. కొన్నిసార్లు గడువు పొడిగిస్తారు. పొడిగిస్తారులే అని కూర్చోవడం తెలివి కాదు.

కులం కాగితం, ఆదాయం కాగితం మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తాయి. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం దగ్గర ఉండాలి. అన్నింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. ఒక దాంట్లో ఇంటి పేరు ముందు, ఇంకో దాంట్లో వెనక, ఒక దాంట్లో "లక్ష్మి", ఇంకో దాంట్లో "లక్ష్మమ్మ" అని ఉంటే కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. మనిషికి చెప్పి ఒప్పించవచ్చు, దానికి చెప్పలేం. పేరు తేడా దిద్దించడానికి రోజులు పడుతుంది. ఇంటరులో ఉండగానే చూసి దిద్దించుకుంటే మంచిది.

దరఖాస్తు పెట్టాక ఒక నంబరు ఇస్తారు. ఆ కాగితం ప్రాణం లెక్క దాచుకోవాలి. దరఖాస్తు కాలేజీ దగ్గర ఉందా, జిల్లా సంక్షేమ ఆఫీసు దాకా పోయిందా, మంజూరయిందా అన్నది ఆ నంబరుతోనే తెలుస్తుంది. మీసేవలో పెట్టేశాం, ఇక మన పని అయిపోయింది అనుకోరాదు. కాలేజీ ప్రిన్సిపాలు చూసి పైకి పంపాలి. చాలా దరఖాస్తులు కాలేజీ బల్ల మీదే పడి ఉంటాయి.

డబ్బు ఎవరి ఖాతాలో?

ఇది మారుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి తీసి కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఎస్సీ పిల్లల విషయంలో కేంద్రం 2021లో కొత్త రూలు పెట్టింది. ఖర్చులో 60 వంతులు కేంద్రానిది, 40 వంతులు రాష్ట్రానిది. కేంద్రం వంతు నేరుగా విద్యార్థి ఖాతాకు పంపాలి అని.

తల్లి ఖాతాలో డబ్బు పడితే మంచిదా, కాలేజీకి పోతే మంచిదా? రెండు వైపులా మాట ఉంది. తల్లి చేతిలో డబ్బు ఉంటే కాలేజీ ఆమెను కూర్చోబెట్టి మాట్లాడుతుంది. కాని అదే వారం విత్తనాలు కొనాల్సి వస్తే, లేదా ఇంటాయన "నాలుగు రోజుల్లో ఇస్తా" అని అడిగితే ఆ డబ్బు మిగలదు. ఏ ఖాతాలో పడినా ఫీజు డబ్బు ఫీజుదే. కట్టి రసీదు తీసుకోవాలి. రసీదు మీద తేదీ, మొత్తం, ఏ ఏడాది ఫీజో ఉన్నాయా అని చూసుకోవాలి.

బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి. రెండేళ్లకు మించి ఏ లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిద్రపోయిన ఖాతాగా లెక్క కడుతుంది. వంద రూపాయలైనా అప్పుడప్పుడు వేస్తూ తీస్తూ ఉండాలి.

సర్కారే ఆలస్యం చేస్తే?

ఇక్కడ తప్పు బిడ్డదీ కాదు, తల్లిదీ కాదు. ఫీజు బాకీలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ జరిగింది. కాలేజీలు ఆ కోపం విద్యార్థుల మీద చూపిస్తాయి. "ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొండి" అంటాయి. అసలు సర్టిఫికెట్లు ఆపి ఉంచుకోవద్దని 2018 అక్టోబరులో యూజీసీ కాలేజీలకు, యూనివర్సిటీలకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఉన్నా ఆపుతున్న కాలేజీలు ఉన్నాయి. అడిగినప్పుడు వదిలిపెట్టినవీ ఉన్నాయి. అడగడం నోటితో కాక కాగితం మీద ఉండాలి.

జిల్లాలో ఎస్సీలకు, ఎస్టీలకు, బీసీలకు, మైనారిటీలకు సంక్షేమ అధికారులు ఉంటారు. మొదట అక్కడికి పోవాలి. తెలంగాణలో సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. "మా అమ్మాయి దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది" అని రాసి ఇస్తే మామూలుగా 30 రోజుల్లో జవాబు చెప్పాలి. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవాళ్లకు దానికి ఫీజు లేదు. ఒక్కతే పోవడానికి బెరుకుగా ఉంటే అదే కాలేజీలో పిల్లలున్న నలుగురు తల్లులు కలిసి పోవచ్చు. ఇచ్చిన అర్జీకి ముద్ర వేసిన నకలు అడిగి తీసుకోవాలి.

అర్జీ ఇలా రాయవచ్చు:

"జిల్లా సంక్షేమ అధికారి గారికి. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. దరఖాస్తు నంబరు ఇది. హాజరు 81 శాతం ఉంది. మొదటి సంవత్సరం ఫీజు ఇంకా మంజూరు కాలేదు. కాలేజీవాళ్లు మమ్మల్ని కట్టమంటున్నారు. ఎక్కడ ఆగిందో తెలపగలరు. ఇట్లు, తల్లి సంతకం, తేదీ."

చేసి చూడండి

ఒక అమ్మాయి కాలేజీ ఒక సెమిస్టరులో 88 రోజులు నడిచింది. వరినాట్లకు 9 రోజులు, జాతరకు 3 రోజులు, తమ్ముడికి జబ్బు చేస్తే 7 రోజులు మానింది. ఆమె ఎన్ని రోజులు పోవాలి? ఎన్ని రోజులు పోయింది? సెమిస్టరు అయ్యేలోపు ఆమె ఇంకా ఎన్ని రోజులు మానవచ్చు?